పెట్టినచోట నిలిచే విమానం

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడు నిరుడు ఒక సాయంత్రం అసర్ నమాజు అయిన తరువాత మా ఇంటికి వచ్చి నా ముందు పెద్ద కాగితమొకటి పరిచాడు. దాని మీద ఒక విమానం పైనుంచి, పక్కనుంచి, ఎదుటినుంచి చూసినట్లు మూడు విధాలుగా గీసి ఉంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. రెక్కల నిడివి ఒక కొస నుంచి మరొక కొసకు 1200, వెడల్పు 280.

“బొమ్మ విమానమా?” అన్నాను.

“బొమ్మ కాదు మామూ. పెద్ద విమానం ఏ సూత్రంతో ఎగురుతుందో ఇది కూడా ఆ సూత్రంతోనే ఎగురుతుంది. నేల మీద నిలబడి రేడియోతో నడుపుతాం, అంతే తేడా. ఇది తలకిందులుగా కూడా ఎగరాలి. అందుకే కొత్తగా గీశాను.”

వాడు నా దగ్గరకు రావడానికి కారణం వేరే ఉంది. అంతకు రెండు రోజుల ముందే మా చెల్లెలు ఫోన్ చేసి “భాయీ, మీ మాటైతే వింటాడు, మీరే చెప్పి మాన్పించండి” అని కోరింది. రేడియో పరికరం, మోటారు, బ్యాటరీ, ఛార్జరు అన్నీ కలిపి రమారమి పదకొండు వేల రూపాయలు. అందులో సగం వాడు పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టాడు. మిగిలిన సగం తల్లి కుట్టుమిషను సంపాదన. ఇలాంటి సందర్భంలో పెద్దలు అడిగే రెండు ప్రశ్నలు నేనూ అడిగాను. ఇంత ఖర్చు అవసరమా? చదువు ఏమవుతుంది? వాడు రెండింటికీ నేరుగా జవాబివ్వలేదు. “ఇది ఎందుకు తలకిందులుగా ఎగరదో చెబుతాను, వినండి” అంటూ పాత విమానం గురించి మొదలుపెట్టాడు. ఆ జవాబు విన్న తరువాత మాన్పించడానికి నాకు మనసు రాలేదు.

వాడి పాత విమానం శిక్షణ కోసం చేసినది. దాని రెక్క శరీరం పైభాగాన అమర్చి ఉంటుంది. రెండు రెక్కల కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. రెక్క అడుగుభాగం బల్లపరుపుగా, పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. బరువు ముందువైపుకు మొగ్గి ఉంటుంది. ఇవన్నీ నేర్చుకునే వానికి తోడ్పడటానికి చేసిన ఏర్పాట్లే. గాలి తాకిడికి విమానం ఒక పక్కకు ఒరిగితే అది ఆ పక్కకే జారుతుంది. జారేటప్పుడు కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది. పైకి లేచిన కొసల వల్ల ఆ రెక్క మళ్ళీ పైకి లేస్తుంది. నడిపేవాడు కంగారుపడి చేతులు వదిలేసినా విమానం తనంత తానే సర్దుకుంటుంది.

తలకిందులుగా ఎగరాలనుకున్నప్పుడు ఈ తోడ్పాటే ఆటంకమవుతుంది. విమానాన్ని వెల్లకిలా తిప్పగానే అది తిరిగి బోర్లా పడటానికి ప్రయత్నిస్తుంది. అడుగు బల్లపరుపుగా ఉన్న రెక్క తిరగబడితే గాలిని సరిగా పట్టుకోలేదు. ముక్కు నేల వైపు వాలుతుంది. దాన్ని ఎత్తి పట్టడానికి నడిపేవాడు క్షణక్షణం పోరాడవలసిందే. వాడు పాత విమానంతో ఆరు నెలలు ఆ పోరాటమే చేశాడట.

విన్యాస విమానానికి ఇవేవీ ఉండకూడదు. దాని రెక్కకు పైన ఎంత ఉబ్బు ఉంటుందో కింద కూడా అంతే ఉండాలి. కొసలు పైకి లేవకూడదు. రెక్క, తోకలోని అడ్డరెక్క, మోటారు ఇరుసు దాదాపు ఒకే సమాంతరంలో ఉండాలి. బరువు కొంచెం వెనక్కి జరగాలి. అప్పుడు ఆ విమానానికి ఏది పైన, ఏది కింద అన్న భేదం ఉండదు. ఏ భంగిమలో పెడితే ఆ భంగిమలో నిలుస్తుంది. తనంత తాను సర్దుకోదు, నడిపేవానిని ఎదిరించదు. నడిపేవాడు తప్పు చేస్తే ఆ తప్పులోనే ముందుకు సాగుతుంది. దీనిని గీయడమంటే ఏ తోడ్పాటును ఎంతవరకు తీసివేయాలో నిర్ణయించుకోవడమే.

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టినది కాదు. రేడియోతో నడిచే నమూనా విమానాల విన్యాసాలకు మొదటి ప్రపంచ పోటీలు 1960లో స్విట్జర్లాండులోని జూరిక్ సమీపాన డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగాయి. అమెరికాకు చెందిన ఎడ్ కజ్మిర్‌స్కీ తాను రూపొందించిన ‘ఓరియన్’తో గెలిచాడు. ఆ కాలపు రేడియో పరికరాన్ని ఈనాటి పిల్లలు ఊహించలేరు. రిసీవరులో సన్నని లోహపు నాలుకలు వరుసగా ఉండేవి. ట్రాన్స్‌మిటర్ పంపే ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క నాలుక కంపించి ఒక స్విచ్చిని కలిపేది. దాంతో తోకలోని పలక పూర్తిగా వంగేది, లేకపోతే అసలు వంగేది కాదు. సగం, పావు అన్న మాటే లేదు. నడిపేవారు మీటను టకటకా తట్టుతూ సగటున కావలసిన వంపును సాధించేవారు. అటువంటి పరికరంతో ఆకాశంలో గుండ్రని వలయం గీయాలంటే విమానమే ఎంతో నమ్మకంగా ఉండాలి.

వేలు ఎంత కదిపితే పలక అంతే కదిలే పద్ధతి 1960ల నడుమ వాడుకలోకి వచ్చింది. ఆ పద్ధతి పరికరాలను స్వయంగా తయారు చేసి అమ్మిన ఫిల్ క్రాఫ్ట్ అనే అమెరికన్ 1967లో కోర్సికా ద్వీపంలో జరిగిన ప్రపంచ పోటీలో తన ‘క్విక్ ఫ్లై’ విమానంతో విజేత అయ్యాడు. పరికరం మెరుగుపడగానే విమానంలోని తోడ్పాట్లను మరికొంత తగ్గించడానికి వీలైంది. 1977లో ఆస్ట్రియా దేశస్థుడైన హన్నో ప్రెట్నర్ ‘కురారే’ అనే తన విమానంతో గెలిచాడు. దాని తోకలోని అడ్డరెక్కల కొసలు కిందికి వంగి ఉంటాయి. ప్రధాన రెక్కలో ఏ కొంచెం పైవంపు ఉన్నా, తోకలోని నిలువు పలకను తిప్పినప్పుడు విమానం పక్కకు దొర్లుతుంది. తోకలోని కిందివంపు దానికి ఎదురుపని చేస్తుంది.

నేటి ప్రపంచ పోటీల నియమం ప్రకారం విమానం నిడివి, రెక్కల నిడివి ఒక్కొక్కటి రెండు మీటర్లు దాటకూడదు. బరువు ఐదు కిలోలు మించకూడదు. ఎత్తుకు మాత్రం పరిమితి లేదు. అందుచేత రూపకర్తలు విమాన శరీరాన్ని చేపలాగా ఎత్తుగా చేయసాగారు. విమానం కత్తి అంచు మీద నిలబడినట్లు పూర్తిగా పక్కకు ఒరిగి ఎగిరేటప్పుడు రెక్కలు దాన్ని ఎత్తలేవు. ఆ కొద్దిసేపు శరీరమే రెక్క పని చేస్తుంది. మావాడు గీసిన బొమ్మలో కూడా శరీరం ఎత్తుగానే ఉంది.

తయారీ రెండు నెలలు పట్టింది. రెక్కను థర్మోకోల్ దిమ్మె నుంచి కోశాడు. విల్లుకు కట్టిన నిక్రోమ్ తీగను బ్యాటరీతో వేడి చేసి, దిమ్మె రెండు చివరలా అతికించిన అట్ట ఆకారాల వెంబడి నెమ్మదిగా లాగితే వెన్నలో కత్తి దిగినట్లు దిగుతుంది. రెండు చివరలా తీగ ఒకే వేగంతో సాగాలి కాబట్టి ఒక చివర నన్ను పట్టుకోమన్నాడు. మొదటి రెండు రెక్కలు నా వల్లనే చెడిపోయాయి. మూడవదానికి “ఒకటి, రెండు” అని వాడు లెక్కపెడుతుంటే నా చేయి ఆ లెక్కకు అలవాటుపడింది. రెక్క మధ్యలో కార్బన్ గొట్టం దూర్చి, పైన పల్చని ప్యాకింగ్ టేపు చుట్టాడు. శరీరానికి ఫోమ్ షీటు, తోకకు బాల్సా చెక్క. పొగ బయటికి పోవాలని ఈ పనంతా డాబా మీదనే సాగింది.

తూకం వేస్తే 1430 గ్రాములు. వాడు అనుకున్నది 1200. ముఖం చిన్నబోయింది.

ఇలాంటి విమానానికి బరువే మొదటి శత్రువు. 1200 మిల్లీమీటర్ల నిడివి, 280 వెడల్పు గల రెక్క వైశాల్యం 33.6 చదరపు డెసిమీటర్లు. 1430 గ్రాములను దానితో భాగిస్తే ఒక్కొక్క చదరపు డెసిమీటరు దాదాపు 43 గ్రాములు మోయాలి. ఈ సంఖ్య పెరిగేకొద్దీ విమానం గాలిలో నిలవడానికి ఎక్కువ వేగం కావాలి. మలుపులో ముక్కును గట్టిగా ఎత్తితే రెక్క గాలి మీద పట్టు వదిలి హఠాత్తుగా ఒక పక్కకు విసిరేస్తుంది. నేలకు దగ్గరగా ఇలా జరిగితే కోలుకోవడానికి చోటుండదు.

బరువు ఎక్కడ పెరిగిందని వెదికితే తోకలో దొరికింది. తోక అందంగా ఉండాలని మందపాటి బాల్సా వాడి, రంగు రెండు పూతలు పూశాడు. ఈ విమానంలో గరిమనాభి నుంచి తోకకు 66 సెంటీమీటర్ల దూరం, ముక్కులోని బ్యాటరీకి 22. అంటే మూడు రెట్ల తేడా. తక్కెడలో కాడ పొడవుగా ఉన్న వైపు చిన్న రాయి కూడా రెండవ వైపు పెద్ద రాయిని ఎత్తినట్లు, తోకలో పెరిగిన ఒక్కొక్క గ్రాముకు ముక్కులో మూడు గ్రాముల సీసం చేర్చవలసి వచ్చింది. అప్పటికే ముక్కులో 60 గ్రాముల సీసం ఉంది. వాడు తోకలోని రంగును గీకి, పలకల్లో రంధ్రాలు కోసి, పైన పల్చని పొర అతికించాడు. తోక 20 గ్రాములు తగ్గింది. సీసం 60 గ్రాములు పూర్తిగా తీసివేశాడు. మొత్తం 1350కి దిగింది.

తోక గురించి ఇంత చర్చ జరుగుతుంటే నాకు అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ గుర్తుకు వచ్చాడు. తొమ్మిదవ శతాబ్దంలో అందలూసియాలోని ఖుర్తుబా నగరంలో నివసించిన ఈ విద్వాంసుడు రెక్కలు కట్టుకొని గాలిలో కొంత దూరం పయనించాడని, దిగేటప్పుడు గాయపడ్డాడని చరిత్రకారుడు మఖ్ఖరీ రాశాడు. పక్షులు దిగేటప్పుడు తోకను ఆసరా చేసుకుంటాయన్న సంగతి గమనించక అతడు తోక అమర్చుకోలేదట. మఖ్ఖరీ ఆ సంఘటనకు ఏడు శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత రాశాడు కాబట్టి వివరాలను ఆ మేరకే స్వీకరించాలని మావాడికి చెప్పాను. వాడికి మూలగ్రంథాల బలాబలాలతో పని లేదు. “కారణం మాత్రం సరిగ్గా రాశారు మామూ. దిగేటప్పుడు ముక్కు ఎత్తాలి. తోక లేకపోతే ఎత్తేది ఏది?” అన్నాడు.

మోటారు బలాన్ని కొలవడానికి విమానం తోకను సామాన్లు తూచే కొక్కెం త్రాసుకు కట్టాం. వేగం పూర్తిగా పెంచితే త్రాసు 1600 గ్రాములు చూపింది. విమానం బరువు కంటే ఎక్కువ లాగుతోంది కాబట్టి నిట్టనిలువుగా పైకి పోగలదు. ఆ పరీక్షకు ముందు వాడు నన్ను ప్రొపెల్లరుకు ఎదురుగానూ, దాని పక్కలకూ నిలవనివ్వలేదు. వెనుక మాత్రమే నిలబెట్టాడు. గదిలో పని చేసేటప్పుడైతే ప్రొపెల్లరును ఊడదీసిన తరువాతే బ్యాటరీ కలుపుతాడు. ఈ అలవాటు చూసిన తరువాతే మా చెల్లెలి భయం కొంత తగ్గింది. తల్లిదండ్రులు ఖర్చు సంగతి కంటే ముందు విచారించవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఆ చిన్న ప్రొపెల్లరు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. వేలు తగిలితే వేలు పోతుంది. లిథియం పాలిమర్ బ్యాటరీ సంగతి కూడా అంతే. ఛార్జింగులో పెట్టి నిద్రపోకూడదు, ఉబ్బితే వాడకూడదు, మంటలంటుకునే వస్తువులకు దూరంగా ఉంచాలి.

ఎగరవేయడానికి చెరువులో నీరు ఇంకిపోయిన భాగాన్ని ఎంచుకున్నాం. 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం ఏ ప్రాంతంలో ఎంత ఎత్తు వరకు ఎగరవచ్చో ప్రభుత్వ పటంలో రంగులతో చూపుతారు. మా చెరువు ఆకుపచ్చ మండలంలో ఉంది, అక్కడ 400 అడుగుల వరకు అనుమతి. విమానం కంటికి కనిపించే దూరం దాటకూడదు. గొర్రెలు ఇళ్ళకు మళ్ళిన తరువాత, మగ్రిబ్‌కు ముందు దొరికే ముప్పావు గంటే మాకు అనువైన సమయం.

మొదటిసారి గరిమనాభిని రెక్క ముందు అంచు నుంచి 70 మిల్లీమీటర్ల వద్ద ఉంచాడు. అంటే రెక్క వెడల్పులో పావు వంతు. జాగ్రత్త కోసం కొంచెం ముందుకే పెట్టాడు. విమానం లేచింది. వాడి చేతులు వణకడం నాకు కనిపించింది. రెండు చుట్లు తిప్పి దించాడు. ఆ రోజు అంతకు మించి ఏమీ చేయలేదు.

తరువాతి సాయంత్రాలలో అసలు పని మొదలైంది. విమానాన్ని 45 డిగ్రీల కోణంలో పైకి పంపి, ఆ దారిలోనే వెల్లకిలా తిప్పి, వేలు సడలించి చూడాలి. అది వెంటనే నేల వైపు వంగితే ముక్కు బరువు ఎక్కువని అర్థం. ఆకాశం వైపు లేస్తే తోక బరువు ఎక్కువని అర్థం. గీత గీసినట్లు తిన్నగా పోతే గరిమనాభి సరైన చోట ఉన్నట్లు. మొదటి పరీక్షలో మా విమానం స్పష్టంగా నేల వైపు వంగింది. బ్యాటరీని నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరిపితే గరిమనాభి అర సెంటీమీటరు వెనక్కి వచ్చింది. మళ్ళీ ఎగరవేయడం, మళ్ళీ చూడటం. 75, 80, చివరికి 85 మిల్లీమీటర్లు. అక్కడ అది దాదాపు తిన్నగా సాగింది.

ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాయమని నేనే చెప్పాను. ఏ తేదీన ఏది మార్చాం, గాలి ఎటునుంచి వీచింది, ఏమి కనిపించింది. ఒక సాయంత్రం ఒక మార్పు మాత్రమే అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నిట్టనిలువుగా పైకి పంపితే విమానం ఎడమకు ఒరుగుతోంది. ప్రొపెల్లరు తిరిగే తీరు వల్ల ఇది సహజం. మోటారు కింద పల్చని వాషర్లు పెట్టి రెండు డిగ్రీలు కుడికి తిప్పితే సరిపోయింది. ఆ పేజీలో వాడు ఎర్ర సిరాతో గీత గీశాడు.

ఆ ఒప్పందాన్ని భంగపరచిన సాయంత్రం నేను కూడా అక్కడే ఉన్నాను. వద్దని చెప్పలేదు. అందుచేత ఈ దోషంలో నా వాటా నాకుంది.

విమానం దొర్లే వేగం వాడికి చాలలేదు. రెక్క వెనుక అంచున ఉండే ఐలరాన్ పలకలు 50 మిల్లీమీటర్ల వెడల్పున ఉండేవి. వాటిని తీసివేసి 75 మిల్లీమీటర్లవి అమర్చాడు. వాటిని తిప్పే సర్వో మోటారు చేతికి పొడవైన ఆకును బిగించాడు. పెద్ద ప్రొపెల్లరు కూడా పెట్టాడు. ఒకేరోజు మూడు మార్పులు! మరునాటి నుంచి కాలేజీలో ప్రయోగ పరీక్షలు కాబట్టి అన్నీ ఆ రోజే చూడాలని తొందర. మొదటి రెండు దొర్లుడులు అద్భుతంగా ఉన్నాయి. వాడు కేరింత కొట్టాడు. ఎత్తు నుంచి వేగంగా దించుతూ తిరిగి పైకి లేపబోయే క్షణంలో ఆకాశంలో కందిరీగల గుంపు లేచినట్లు గీమని శబ్దం వినిపించింది. ఒక్క సెకను. కుడి రెక్క నుంచి ఏదో తెల్లని ముక్క విడిపోయి గాలిలో తేలింది. విమానం చుట్టుకుంటూ వచ్చి ఎండిన చెరువులో ముక్కు నేలకు కొట్టుకొని పడింది.

వాడు పరుగెత్తలేదు. ట్రాన్స్‌మిటర్ పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. నేనే వెళ్ళాను.

ముక్కు భాగం నలిగి బెత్తెడు మిగిలింది. రెక్క రెండు ముక్కలు. బ్యాటరీ ఒక మూల నొక్కుకుపోయింది. అది వెంటనే మండకపోయినా కొంతసేపటికి మండవచ్చని వాడే లేచి వచ్చి, దాన్ని వేరు చేసి, సంచిలో ఉన్న ఇసుక డబ్బాలో పెట్టి దూరంగా ఉంచాడు. అంత దుఃఖంలోనూ ఆ పని మరవలేదు. దారి పొడవునా మాట్లాడలేదు. ఇంటికి చేరే ముందు మాత్రం “అమ్మీకి చెప్పకండి మామూ, నేనే చెబుతాను” అన్నాడు. చెప్పాడు. మా చెల్లెలు ఏమీ అనలేదు. కొడుకుకు అన్నం పెట్టి, నా వైపు ఒకసారి చూసింది.

పరీక్షలు ముగిసిన తరువాత విరిగిన ముక్కలను డాబా మీద పరిచి కారణం వెదికాం. ఐలరాన్ పలక బరువంతా కీలుకు వెనుక ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే కడ్డీలో, సర్వోలోని ప్లాస్టిక్ పళ్ళలో కొద్దిపాటి సందు ఎప్పుడూ ఉంటుంది. వేగం తక్కువగా ఉన్నంతవరకు ఆ సందు వల్ల హాని లేదు. వేగం ఒక హద్దు దాటగానే గాలి ఆ పలకను ఆడించడం మొదలుపెడుతుంది. పలక ఆడితే రెక్క వణుకుతుంది, రెక్క వణికితే పలక మరింత ఆడుతుంది. ఆ ఊగిసలాటకు గాలే బలాన్ని అందిస్తూ పోతుంది. మేము విన్న కందిరీగల శబ్దం అదే. పలక పెద్దదైతే దాని మీద గాలి బలం, వెనుక బరువు రెండూ పెరుగుతాయి. సర్వో ఆకు పొడవైతే లోపలి సందు పలక దగ్గర ఇంకా పెద్దదై కనిపిస్తుంది. పెద్ద ప్రొపెల్లరు వేగాన్ని పెంచి ఉండవచ్చు. మూడింటిలో దోషం దేనిది? ఒక్కొక్కటిగా మార్చి ఉంటే పుస్తకం చెప్పేది. ఆ పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు.

మోటారు ఇరుసు వంగలేదు, రేడియో పరికరం బాగానే ఉంది. కొత్త బ్యాటరీకి మాత్రం డబ్బు కావాలి. వాడు పాత శిక్షణ విమానాన్ని ఒక జూనియరుకు అమ్మాడు. మరొక బ్యాటరీ కొన్నాడు. ఈసారి తీగకు ఒక చివర నేను పట్టిన మొదటి రెక్కే సరిగ్గా వచ్చింది.

కొత్త రెక్కకు ఐలరాన్లు మళ్ళీ 50 మిల్లీమీటర్లే. ఒక్కొక్క రెక్కకు విడిగా లోహపు పళ్ళున్న సర్వో. కడ్డీని సర్వో ఆకుకు లోపలి రంధ్రంలో, పలక కొమ్ముకు బయటి రంధ్రంలో బిగించాడు. ఇంతకు ముందు చేసిన దానికి ఇది సరిగ్గా తలకిందులు. పలక కదలిక కొంత తగ్గుతుంది కానీ పట్టు గట్టిపడుతుంది. తరువాత మరొక పని చేశాడు, అది నాకు చాలా నచ్చింది. రెక్కకూ ఐలరానుకూ నడుమ కీలు పొడవునా ఉన్న సన్నని చీలికను పారదర్శకమైన టేపుతో మూసివేశాడు. అంతవరకు రెక్క కింది గాలి ఆ చీలిక గుండా పైకి జారిపోయి పలక పనిని సగంలో వదిలేసేది. టేపు అతికించిన సాయంత్రం విమానం దొర్లే వేగం కళ్ళకు తెలిసేంతగా పెరిగింది. ఏ వేగం కోసం వాడు పలకలను పెద్దవి చేసి విమానాన్ని పోగొట్టుకున్నాడో, అందులో చాలా భాగం ఐదు రూపాయల టేపులో దొరికింది. నేను ఆ మాట పైకి అనలేదు. వాడే పుస్తకంలో రాసుకున్నాడు.

గత నెల మా చెల్లెలు మొదటిసారి చెరువుకు వచ్చింది. గట్టు మీద చాప పరుచుకొని కూర్చుంది. వాడు విమానాన్ని 45 డిగ్రీలలో పైకి పంపి, వెల్లకిలా తిప్పి, బొటనవేలిని మీట మీదనుంచి పైకెత్తి తల్లికి చూపించాడు. విమానం వెల్లకిలాగానే, అదే గీతలో, చిన్నదవుతూ పోయింది. “చేయి తీసేశావేమిరా, పడిపోతుంది!” అని ఆమె లేచి నిలబడింది. వాడు నవ్వి, సగం దొర్లించి, చుట్టు తిప్పి తెచ్చాడు.

దిగిన తరువాత బ్యాటరీ గడులను కొలిస్తే ఒక్కొక్కటి 3.8 వోల్టులు చూపింది. పుస్తకంలో ఆ అంకె వేసి, దాని కింద మరొక వాక్యం చేర్చాడు. కత్తి అంచు భంగిమలో ఎగిరేటప్పుడు విమానం ఇంకా కొద్దిగా పొట్టవైపు లాగుతోంది. రేడియోలో రెండు పలకలను కలిపి సరిచేయడం సులభమని వాడు, లాగడానికి కారణం ముందు తెలుసుకొమ్మని నేను. వచ్చే వారం గరిమనాభిని రెండు మిల్లీమీటర్లు జరిపి చూస్తాం, ఇన్షా అల్లాహ్. ఇంకేదీ ముట్టుకోవడం లేదు.